“ద రవి’స్ బైక్” ఎందుకు తప్పు? అపాస్ట్రఫీ ముందు ఆర్టికల్ పెట్టే పద్ధతి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో సాయంత్రం బ్యాచ్‌కి స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతుంటాను. వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు: “మాస్టారూ, ద రవి’స్ బైక్ అనాలా, ఉత్త రవి’స్ బైక్ అంటే చాలా? మరి పుస్తకంలో ద బాయ్’స్ బైక్ అని ఉంది కదా, అక్కడ ద ఎందుకొచ్చింది?” బోర్డు మీద రెండు ముక్కల్లో చెప్పి పంపేస్తే మర్నాడు మళ్లీ అదే తప్పు. అందుకని ఈసారి మొదట్నుంచీ వరసగా రాస్తున్నాను.

ఇంగ్లిష్ వాక్యాలన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి. మాట మీద కనిపించే చిన్న గీత (’) అపాస్ట్రఫీ. ఎ, యాన్, ద అనే మూడు మాటల్నే ఆర్టికల్స్ అంటాం. ‘ద’, ‘ది’ రెండూ ఒకటే మాట. పక్క మాట అచ్చు శబ్దంతో మొదలైతే ‘ది’ అని పలుకుతాం, అంతే తేడా. మీ నోట్సులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకోండి.

1. కూర్చునే ముందు

పుస్తకంలో ఉదాహరణలతో ప్రాక్టీస్ చేస్తే ఈ సంగతి ఒంటబట్టదు. మీరు రాసిన వాక్యాలే కావాలి.

☐ మీరు ఈమధ్య ఇంగ్లిష్‌లో రాసిన లీవ్ లెటర్, మెయిల్, వాట్సాప్ మెసేజీల్లోంచి అపాస్ట్రఫీ ఉన్న వాక్యాలు ఓ పది
☐ రెండు రంగుల పెన్నులు
☐ ఎ, యాన్ తేడా శబ్దాన్ని బట్టి అన్న సంగతి గుర్తుండటం

అక్షరం కాదు, శబ్దం. “యాన్ ఎమ్మెల్యే’స్ లెటర్”: అక్షరం హల్లే, పలికేటప్పుడు మొదట వచ్చేది ‘ఎ’. “ఎ యూనివర్సిటీ’స్ లైబ్రరీ”: అక్షరం అచ్చే, శబ్దం ‘య’. “యాన్ అవర్’స్ జర్నీ”లో మొదటి అక్షరం అసలు పలకదు.

2. ఆ ’స్ ఏమిటో ముందు తేల్చండి

అపాస్ట్రఫీ ఉన్న ప్రతి ’స్ ‘యొక్క’ కాదు. “రవి’స్ కమింగ్” అంటే రవి ఈజ్ కమింగ్. “రవి’స్ గాన్” అంటే రవి హ్యాజ్ గాన్. ఇవి మనకిప్పుడు అక్కర్లేదు, కొట్టేసి పక్కన పెట్టండి.

ఇందులో నేనే ఒకసారి నవ్వులపాలయ్యాను. డిగ్రీ అయిన కొత్తలో ఒక ఆఫీసులో ఇంటర్వ్యూ. ఇంటి సంగతులు అడిగారు. మా నాన్నకి నేనొక్కణ్నే కొడుకుని అని చెప్పాలి. “మై ఫాదర్’స్ ది ఓన్లీ సన్” అన్నాను, ధీమాగా. బల్ల అవతలి పెద్దాయన అద్దాలు సర్దుకుని, “మీ నాన్నగారి సంగతి సరే బాబూ, నీకు అన్నదమ్ములున్నారా?” అని అడిగారు. నేనన్నదానికి అర్థం ‘మా నాన్న ఒక్కడే కొడుకు’ అని. ’స్ తర్వాత ‘ది’ వినగానే వినేవాళ్లు దాన్ని ‘ఈజ్’ కిందే తీసుకుంటారు. నేను అనాల్సింది “ఐయామ్ మై ఫాదర్’స్ ఓన్లీ సన్”. ఆ ఉద్యోగం రాలేదు, కారణం అది ఒక్కటే కాకపోవచ్చు.

3. ‘యొక్క’ దగ్గర గీత గీయండి

బడిలో ‘రాముని యొక్క పుస్తకం’ అని నేర్పారు. ఇంట్లో ఎవరూ అలా అనరు, రాముడి పుస్తకం అంటారు. ఎక్కడా పనికిరాని ఆ ‘యొక్క’ ఇక్కడ పనికొస్తుంది.

’స్ ఉన్నచోట ‘యొక్క’ అనుకుని, సరిగ్గా అక్కడ నిలువుగా ఒక గీత గీయండి.

ద బాయ్’స్ | న్యూ బ్యాగ్

గీతకి ఎడమవైపు ఉన్నదంతా ఓనర్‌ది. కుడివైపు ఉన్నది వస్తువు. ‘ద’ ఎటు ఉంది? ఎడమవైపు. అంటే అది అబ్బాయిది, బ్యాగుది కాదు. బ్యాగుకి విడిగా ఆర్టికల్ లేదు, రాదు కూడా. ఎవరిదో చెప్పేశాక ఏ బ్యాగో తెలిసిపోయింది కదా, ఇంక ‘ద’ చెయ్యాల్సిన పని మిగల్లేదు.

తికమకంతా ఎక్కడొస్తుందంటే, చూసేవాళ్లు ఆ ‘ద’ని బ్యాగుకి అంటగడతారు. అలా అంటగట్టాక, రవి బ్యాగుకి మాత్రం ‘ద’ ఎందుకు ఉండదు అన్న అనుమానం వస్తుంది.

ఎడమవైపు ముక్కలకి ఒక రంగు, కుడివైపుకి ఇంకో రంగు. మీ పది వాక్యాలకీ ఇలా చేసుకుని తర్వాతి అడుగుకి రండి.

4. ఓనర్‌ని ఒంటరిగా నిలబెట్టి చూడండి

గీతకి ఎడమవైపు ఉన్నదాన్ని, ’స్ తీసేసి, “ఈజ్ హియర్” ముందు పెట్టి పైకి చదవండి.

“రవి ఈజ్ హియర్.” బాగుంది. “ద రవి ఈజ్ హియర్.” ఎవరూ అనరు. అందుకే “రవి’స్ బైక్”, ‘ద’ లేకుండా.

“బాయ్ ఈజ్ హియర్.” ఏదో తగ్గింది. “ద బాయ్ ఈజ్ హియర్.” ఇప్పుడు సరిపోయింది. అందుకే “ద బాయ్’స్ బైక్”.

ఒంటరిగా ఉన్నప్పుడు ఓనర్‌కి ఏది కావాలో, ’స్ తగిలించాక కూడా అదే ఉంటుంది. పెరగదు, తగ్గదు. రకరకాల ఓనర్లకి ఇలా:

- మనిషి పేరు: ఏమీ వద్దు. “లక్ష్మి’స్ ఫోన్”.
- ఇంటిపేరుతో కుటుంబమంతా: ‘ద’ కావాలి, అపాస్ట్రఫీ చివర్న వస్తుంది. “ద రావ్స్’ హౌస్” అంటే రావుగారి వాళ్లిల్లు.
- మై, హిజ్, అవర్ లాంటివి ముందుంటే: ఆర్టికల్ వద్దు. “మై సిస్టర్’స్ బస్ పాస్”. “ద మై సిస్టర్’స్” ఎప్పటికీ కాదు.
- హోదా: ఆ చోటికి ఒక్కరే ఉంటారు కాబట్టి ‘ద’. “ద కలెక్టర్’స్ బంగ్లా”.
- బహువచనం: ఫలానా వాళ్లయితే ‘ద’, అందరి గురించీ అయితే ఏమీ వద్దు. ఫిషింగ్ హార్బర్‌లో మీ ఎదురుగా ఉన్న జాలర్ల పడవలు “ద ఫిషర్‌మెన్’స్ బోట్స్”. జాలరి బతుకులే కష్టం అనాలంటే “ఫిషర్‌మెన్’స్ లైవ్స్ ఆర్ హార్డ్”.

ఎక్కువ తప్పులు అనవసరంగా ‘ద’ పెట్టడంలో ఉంటాయనుకుంటారు గానీ, నేను దిద్దే కాయితాల్లో అవసరమైనది వదిలెయ్యడమే ఎక్కువ. “ఐ వెంట్ టు ఓనర్’స్ హౌస్.” తెలుగులో “ఓనర్‌గారింటికి వెళ్లాను” అంటాం; ఒక అనీ లేదు, ఆ అనీ లేదు, లోటూ లేదు. ఇంగ్లిష్‌లో ఓనర్ ఒట్టి చేతుల్తో నిలబడలేడు. “ది ఓనర్’స్ హౌస్” అనాలి, లేదా “మై ఓనర్’స్ హౌస్”. పేపర్ హెడ్డింగుల్లో “మినిస్టర్’స్ సన్” అని ఆర్టికల్ లేకుండా కనిపిస్తుందంటారా? అక్కడ చోటు కోసం ఎగ్గొడతారు. కింద వార్తలోకి వెళ్లి చూడండి, “ద మినిస్టర్’స్ సన్” అనే ఉంటుంది.

ఎ పెట్టాలా, ద పెట్టాలా అన్నది కూడా ఓనర్‌ని బట్టే. వినేవాళ్లకి ఎవరో తెలిస్తే ద, కొత్త మనిషైతే ఎ లేదా యాన్. “ఐ ఫౌండ్ యాన్ ఆటో డ్రైవర్’స్ పర్స్”: ఎవరో ఆటో డ్రైవర్. “ఐ గేవ్ బ్యాక్ ది ఆటో డ్రైవర్’స్ పర్స్”: ఇందాక చెప్పిన ఆయనే.

5. గీతకి కుడివైపు ఊడ్చెయ్యండి

కుడివైపు ఎ, యాన్, ద ఏది కనిపించినా కొట్టెయ్యండి. విశేషణాలు, అంకెలు ఉండొచ్చు. “రవి’స్ టూ ఓల్డ్ బైక్స్” సరైనదే.

జారేది ఫస్ట్, బెస్ట్, ఓన్లీ దగ్గర. వీటి ముందు ‘ద’ పెట్టాలని చిన్నప్పుడు గట్టిగా బట్టీ పట్టించారు కాబట్టి చెయ్యి ఆగదు. “రవి’స్ ద ఫస్ట్ జాబ్” అని రాసేస్తారు. “రవి’స్ ఫస్ట్ జాబ్”, “లక్ష్మి’స్ బెస్ట్ ఫ్రెండ్” చాలు. నా ఇంటర్వ్యూ గుర్తుంచుకోండి.

‘ఆఫ్’తో ఉన్న వాక్యాన్ని ’స్‌లోకి మార్చేటప్పుడు కూడా ఒక ‘ద’ రాలిపోతుంది. “ద బైక్ ఆఫ్ ద మేనేజర్”లో రెండున్నాయి. మారిస్తే “ద మేనేజర్’స్ బైక్”. మిగిలిన ‘ద’ మేనేజర్‌ది. రాలిపోయింది బైక్‌ది.

ఓనర్ మీద ఓనర్ ఉంటే? మా ఓనర్ కొడుకు బండి. “ది ఓనర్’స్ సన్’స్ బైక్.” రెండు గీతలు గీయండి. మొదటి గీతకి ఎడమనున్న వాళ్లకే ఆర్టికల్. కొడుక్కీ లేదు, బండికీ లేదు.

6. ‘ఒకడు’, ‘ఒకటి’ వస్తే దారి మార్చండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

“మా అన్నయ్య ఫ్రెండు వచ్చాడు.”
“మా అన్నయ్య ఫ్రెండొకడు వచ్చాడు.”

మొదటిదానికి “మై బ్రదర్’స్ ఫ్రెండ్ కేమ్”. వింటున్నవాళ్లకి ఏ ఫ్రెండో తెలుసన్నట్టు, లేదా ఉన్నది ఆ ఒక్కడే అన్నట్టు ఉంటుంది. రెండోదాంట్లో చాలామందిలో ఒకడు. అది చెప్పాలంటే ఫ్రెండ్‌కి ‘ఎ’ కావాలి. కానీ కుడివైపు ఆర్టికల్ పెట్టకూడదని ఇప్పుడే అనుకున్నాం. “మై బ్రదర్’స్ ఎ ఫ్రెండ్” అంటే మా అన్నయ్య ఒక ఫ్రెండ్ అనే అర్థం వస్తుంది.

అందుకని వాక్యాన్ని తిరగెయ్యాలి:

- వస్తువుని, లేదా మనిషిని ముందుకి తెచ్చి ‘ఎ’ ఇవ్వండి: “ఎ ఫ్రెండ్”
- ‘ఆఫ్’ పెట్టండి: “ఎ ఫ్రెండ్ ఆఫ్”
- ఓనర్‌ని ’స్‌తో సహా చివర పెట్టండి: “ఎ ఫ్రెండ్ ఆఫ్ మై బ్రదర్’స్”

ఆఫ్ వచ్చాక మళ్లీ ’స్ ఎందుకని క్లాసులో ప్రతిసారీ గొడవ. లాజిక్ అడగొద్దు, వాడుక అది. పైగా ఆ ’స్ అర్థాన్నే మార్చేస్తుంది చూడండి. “ఎ ఫొటో ఆఫ్ లక్ష్మి” అంటే ఫొటోలో ఉన్నది లక్ష్మి. “ఎ ఫొటో ఆఫ్ లక్ష్మి’స్” అంటే లక్ష్మి దగ్గరున్న ఫొటోల్లో ఒకటి, లేదా ఆమె తీసినవాటిలో ఒకటి. అందులో ఉన్నది వాళ్ల మేనమామ కూడా కావచ్చు.

ఓనర్ ‘నేను’ అయితే “మై” కాదు, “మి” కాదు, “మైన్”. “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్”, “ఎ స్టూడెంట్ ఆఫ్ హర్స్”, “ఎ కజిన్ ఆఫ్ అవర్స్”.

రెండో దారి కూడా ఉంది: “వన్ ఆఫ్ మై బ్రదర్’స్ ఫ్రెండ్స్”. ఫ్రెండ్స్ అని బహువచనం మర్చిపోవద్దు. సగంమంది అక్కడే పడతారు.

ఈ తిరగేసే పద్ధతి మనుషులకే. బల్ల కాలు ఒకటి విరిగితే “ఎ లెగ్ ఆఫ్ ద టేబుల్”, అంతే. టేబుల్‌కి ’స్ తగిలించకండి.

7. ‘యొక్క’ పనిచెయ్యని చోట్లు

“ఎ విమెన్’స్ కాలేజ్.” గీత గీసి చూడండి: “ఎ విమెన్” అని ఎడమవైపు వస్తుంది. ‘ఎ’ ఏకవచనం, విమెన్ బహువచనం. పొసగలేదు. అంటే పద్ధతి తప్పా?

కాదు. అక్కడ ఓనరే లేడు. ఎవరిదీ కాలేజీ అని అడిగితే ‘స్త్రీలది’ అని చెప్పం. ఏ రకం కాలేజీ అంటే ‘ఆడపిల్లల కాలేజీ’ అంటాం. ఆ ’స్ రకాన్ని చెబుతోంది.

పరీక్ష ఇంతే. “ఎవరిది?” అనే ప్రశ్నకి జవాబైతే పైన చెప్పిన దారి. “ఏ రకం?” అనే ప్రశ్నకి జవాబైతే రెండు మాటల్నీ ఒకే మాటగా కట్టేసి, ఆర్టికల్‌ని చివరి మాటకి చెందినట్టు పెట్టండి. ఎ చిల్డ్రెన్’స్ డాక్టర్, ఎ గర్ల్స్’ హాస్టల్, ఎ డ్రైవర్’స్ లైసెన్స్.

ఇక్కడ విశేషణం కూడా చివరి మాటదే. “ఎ న్యూ చిల్డ్రెన్’స్ పార్క్”లో కొత్తది పార్కు. అదే ఓనర్ ఉన్న “ది ఓల్డ్ మ్యాన్’స్ హౌస్”లో అయితే ముసలితనం మనిషిది. ఇల్లు పాతదైతే “ద మ్యాన్’స్ ఓల్డ్ హౌస్” అనాలి.

కొన్ని రెండు వైపులా పోతాయి. “ఎ ఫిషర్‌మ్యాన్’స్ నెట్” అంటే ఎవరో జాలరి వల అనొచ్చు, జాలర్లు వాడే రకం వల అనొచ్చు. చుట్టూ ఉన్న వాక్యాలే తేలుస్తాయి.

8. మన ఊరి పేర్లతో

పేరులో సహజంగా ‘ద’ ఉంటే ’స్ పెట్టాక కూడా ఉంటుంది. లేకపోతే లేదు. నాలుగో అడుగులో చెప్పిందే ఇది, మరీ కొత్తగా ఏం లేదు. అయినా కాంపిటీటివ్ పరీక్షలకి చదివేవాళ్లు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

- “ఆంధ్రా యూనివర్సిటీ’స్ ఫౌండింగ్ ఇయర్ ఈజ్ 1926.” ద వద్దు.
- “ది ఈస్టర్న్ నేవల్ కమాండ్’స్ హెడ్‌క్వార్టర్స్ ఈజ్ ఇన్ విశాఖపట్నం.” ది కావాలి.
- “విశాఖపట్నం’స్ బీచెస్”, కానీ “ద సిటీ’స్ బీచెస్”. ఊరి పేరుకి వద్దు, ‘సిటీ’ అన్న మామూలు మాటకి కావాలి.
- బీచ్ రోడ్డులో మ్యూజియం చేసిన సబ్‌మెరీన్: “ఐఎన్‌ఎస్ కుర్సుర’స్ క్రూ”. ముందు ఐఎన్‌ఎస్ ఉంటే ద వద్దు. అది తీసేసి ఉత్త ఓడ పేరు రాస్తే “ద కుర్సుర’స్ క్రూ”.

ఒక మెలిక. ’స్ తీసేస్తే ఆర్టికల్ తిరిగొస్తుంది. “ఆంధ్రా యూనివర్సిటీ’స్ క్యాంపస్” లేదా “ది ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్”. రెండోదాంట్లో ’స్ లేదు కాబట్టి యూనివర్సిటీ ఓనర్ కాదు, క్యాంపస్‌కి తోకలాంటి పేరు మాత్రమే. ఆ ‘ది’ క్యాంపస్‌ది. “విశాఖపట్నం’స్ పోర్ట్”, “ద విశాఖపట్నం పోర్ట్” అంతే. రెండూ కలిపి “ద విశాఖపట్నం’స్ పోర్ట్” అన్నారో, దొరికిపోయారు.

ఇక డాల్ఫిన్స్ నోస్. పేరులోనే అపాస్ట్రఫీ ఉంది. కొండ పేరుగా రాస్తే “డాల్ఫిన్’స్ నోస్”, ఏమీ వద్దు. ఆ కొండమీది లైట్‌హౌస్ అంటే “ద డాల్ఫిన్’స్ నోస్ లైట్‌హౌస్”, ద లైట్‌హౌస్‌ది. చిన్నక్షరాలతో “ద డాల్ఫిన్’స్ నోస్” అని రాస్తే నిజంగా ఒక డాల్ఫిన్ ముక్కే.

9. రోజులు, గంటలు

“ఎ వీక్’స్ లీవ్”, “టూ డేస్’ లీవ్”, “యాన్ అవర్’స్ జర్నీ”. ‘లీవ్’ని ఈ అర్థంలో లెక్కపెట్టం, దానికి ‘ఎ’ అక్కర్లేదు. ‘ఎ’ వారానిది. టూ డేస్ అయ్యేసరికి ‘ఎ’ మాయమైంది చూశారా. హైఫన్‌తో రాస్తే లెక్క మారుతుంది: “టెన్ మినిట్స్’ వాక్”, కానీ “ఎ టెన్-మినిట్ వాక్”. టుడే’స్, యెస్టర్‌డే’స్ ముందు ఏమీ పెట్టకండి.

10. ఒక లీవ్ లెటర్ దిద్దుదాం

గాజువాక నుంచి వచ్చే ఒక కుర్రాడు ఆఫీసులో ఇవ్వబోతూ నాకు చూపించిన కాయితం ఇది. పేరు మార్చాను.

“ఐ వాంట్ టు అటెండ్ ద రాజేష్’స్ వెడ్డింగ్ ఇన్ అనకాపల్లి. హి ఈజ్ మై బ్రదర్’స్ ఎ ఫ్రెండ్. బ్రైడ్’స్ ద ఫాదర్ ఈజ్ ఆల్సో అవర్ రిలేటివ్. ప్లీజ్ గ్రాంట్ మి ఎ టూ డేస్’ లీవ్.”

“ద రాజేష్’స్”: “ద రాజేష్ ఈజ్ హియర్” అని చదివించాను. వాడే నవ్వి కొట్టేశాడు.

“మై బ్రదర్’స్ ఎ ఫ్రెండ్”: తెలుగులో ఏమనుకుని రాశావురా అంటే “మా అన్నయ్య ఫ్రెండ్సులో ఒకడండీ” అన్నాడు. ఒకడు వచ్చింది కాబట్టి తిరగేశాం: “ఎ ఫ్రెండ్ ఆఫ్ మై బ్రదర్’స్”.

“బ్రైడ్’స్ ద ఫాదర్”: ఉండాల్సిన ఆర్టికలే, గీతకి తప్పు వైపు పడింది. ఎడమకి జరిపితే “ద బ్రైడ్’స్ ఫాదర్”.

“ఎ టూ డేస్’ లీవ్”: ‘ఎ’ తీసేశాం.

నాలుగు వాక్యాల్లో నాలుగు. సెలవు దొరికింది.

11. మీ వంతు

ముందు కాయితం మీద రాయండి, తర్వాతే కిందికి చూడండి.

అ. కలెక్టర్‌గారి డ్రైవర్ సెలవులో ఉన్నాడు.
ఆ. మా చెల్లి క్లాస్‌మేట్ ఒకమ్మాయి భీమిలిలో ఉంటుంది.
ఇ. ఆమె ఒక మహిళా కళాశాలలో లెక్చరర్.
ఈ. ఇది రవి మొదటి జీతం.
ఉ. పక్కింటావిడ పిల్లి మా వంటింట్లో ఉంది.

జవాబులు:

అ. “ద కలెక్టర్’స్ డ్రైవర్ ఈజ్ ఆన్ లీవ్.”
ఆ. “ఎ క్లాస్‌మేట్ ఆఫ్ మై సిస్టర్’స్ లివ్స్ ఇన్ భీమిలి.”
ఇ. “షి ఈజ్ ఎ లెక్చరర్ ఇన్ ఎ విమెన్’స్ కాలేజ్.”
ఈ. “దిస్ ఈజ్ రవి’స్ ఫస్ట్ శాలరీ.”
ఉ. “అవర్ నెయిబర్’స్ క్యాట్ ఈజ్ ఇన్ అవర్ కిచెన్.” ‘ద నెయిబర్’స్ క్యాట్’ అన్నా తప్పు లేదు. ఉత్త ‘నెయిబర్’స్ క్యాట్’ అని రాసుంటే నాలుగో అడుగు మళ్లీ చదవండి.